నలభై దాటిన ఆటగాడి కసరత్తు – 4వ పాఠం: ఆగడం

పోయిన పాఠంలో బరువు మోయడం నేర్చుకున్నాం. పిడి ఉన్న ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్‌ని ఒక చేత్తో పట్టుకుని, భుజం వాలకుండా, నడుము పక్కకి ఒరగకుండా, పట్టు జారేదాకా నడవమన్నాను. ఎన్ని అడుగులు నడిచారో కుడిచేతికి, ఎడమచేతికి విడివిడిగా నోటుబుక్‌లో రాసుకునే ఉంటారు. రెండింటి మధ్య తేడా పది అడుగుల లోపుంటే ఈ పాఠంలోకి రండి. అంతకన్నా ఎక్కువుంటే తక్కువ నడిచిన చేత్తో ఇంకో వారం చేసి రండి. ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఈసారి నేర్చుకునేది ఆగడం. వినడానికి ఇదీ ఒక విద్యేనా అనిపిస్తుంది. కానీ ఈ ధారావాహిక మొత్తంలో ఒక్క పాఠమే చేస్తామని ఎవరైనా అంటే నేను ఇదే చెయ్యమంటాను.

తొమ్మిదేళ్ళ కిందటి సంగతి. అప్పుడు నాకు 46. మా కాలనీ షటిల్ కోర్టులో పొద్దున ఆరున్నరకి మూడో గేమ్ ఆడుతున్నాం. వెనక గీత దగ్గర క్లియర్ కొట్టి (షటిల్‌ని ఎత్తుగా అవతలి వెనక గీత దాకా పంపి) ఇంకా వెనక్కి వాలి ఉండగానే అవతలివాళ్ళు డ్రాప్ వేశారు, అంటే నెట్ దాటగానే పడేలా మెల్లగా కొట్టారు. వెనక్కి పోతున్న ఒంటిని ఎడమకాలి మీద ఆపి, అదే కాలితో ముందుకి తోసుకోబోయాను. పిక్కలో టప్‌మంది. వెనకనుంచి ఎవరో రాకెట్ విసిరి కొట్టినట్టే అనిపించింది. తిరిగి చూస్తే వెనక గోడ తప్ప ఎవరూ లేరు. “ఏమైందన్నా?” అంటూ పార్ట్‌నర్ పరుగెత్తుకొచ్చాడు. నాకు కాలు కింద పెట్టడం రాలేదు.

పిక్క కండరం లోపలివైపు చీలిందని డాక్టరు చెప్పారు. దీన్ని టెన్నిస్ లెగ్ అంటారు. మధ్యవయసు ఆటగాళ్ళకి తరచుగా తగిలే దెబ్బే. ఆరువారాలు కోర్టు వైపు పోలేదు. ఆ ఖాళీలో నా పాత కసరత్తు నోటుబుక్కులు తీసి మొదటినుంచీ చదివాను. తాడాట, గెంతులు, లెగ్ ప్రెస్, మెట్లెక్కడం, పరుగు. ఏళ్ళ తరబడి చేసినవన్నీ ఒంటిని పైకో ముందుకో తోసేవే. వేగంగా వస్తున్న ఒంటిని పట్టి ఆపే కసరత్తు ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. ఆటలో మాత్రం ప్రతి ర్యాలీలో పదిసార్లు ఆగుతున్నాను. ఆ పనికి కాళ్ళని నేను ఎన్నడూ తయారు చెయ్యలేదు. ఈ పాఠం ఆ నోటుబుక్కుల్లో కనపడిన ఖాళీలోంచి పుట్టింది.

గోల్కొండ మెట్లు చెప్పే సంగతి

కుర్చీలోంచి లేచేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పని చేస్తుంది. మెల్లగా కూర్చునేటప్పుడు అదే కండరం సాగుతూ పని చేస్తుంది. మేడమీంచి తాడుకి కట్టిన బరువుని కిందికి దింపేటప్పుడు తాడుని చేతుల్లోంచి కొంచెం కొంచెంగా వదులుతాం కదా, అట్లా. ఆగడమంటే ఈ రెండో పనే. షటిల్‌లో నెట్ దగ్గర ముందుకి అడుగు వేసి ఆగినా, క్రికెట్‌లో రెండో పరుగుకి మళ్ళేటప్పుడు ఆగినా, తొడా పిక్కా సాగుతూనే ఒంటి వేగాన్ని మింగుతాయి.

గోల్కొండలో బాలాహిసార్ దాకా ఎక్కినవాళ్ళకి ఇది అనుభవమే. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, తొడలు బాగానే ఉంటాయి. దిగేటప్పుడు ఆయాసం ఉండదు, కానీ సగం దూరంలోనే మోకాళ్ళ పైన వణుకు మొదలవుతుంది. ఇంటికొచ్చి హాయిగా పడుకుంటాం. మర్నాడు, ఆ మర్నాడు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఆ నొప్పి ఎక్కినందుకు వచ్చింది కాదు, దిగినందుకు వచ్చింది. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా మారథాన్ పరుగెత్తేవాళ్ళు కూడా ఫ్లైఓవర్ ఎక్కడం గురించే దిగులు పడతారు. తొడలని అలగ్గొట్టేది ఎక్కువగా అవతలివైపు దిగుడు.

ఇందులో మనకి ఒక మంచి కబురుంది. సాగుతూ పని చేసేటప్పుడు కండరం తను ఎత్తగలిగినదానికన్నా ఎక్కువ బరువుని ఆపగలదు. వయసుతో పాటు ఎత్తే బలం తగ్గినంతగా ఈ ఆపే బలం తగ్గదు. అన్నిటికన్నా ముందు పోయేది చటుక్కున బలం చూపే చురుకు. కాబట్టి యాభైలో కూడా ఆగడం నేర్చుకోవచ్చు, పాతికేళ్ళవాడితో సమానంగా కాకపోయినా మన ఆటకి సరిపోయేంత.

“ఇరవై ఏళ్ళనుంచి వారానికి ఐదు రోజులు ఆడుతున్నా సార్, కాళ్ళకి వేరే కసరత్తు ఎందుకు?” అని నన్ను చాలామంది అడుగుతారు. ఆట ఉన్న బలాన్ని ఖర్చు పెడుతుంది. నలభై దాటాక ఆ ఖర్చుకి తగినంత జమ ఆటలోంచే రాదు. జమ విడిగా వెయ్యాల్సిందే.

ముందు ఒక పరీక్ష

గోడ దగ్గర ఒంటికాలి మీద నిలబడండి. వేళ్ళ కొసలు మాత్రమే గోడకి ఆన్చండి. మోకాలు నిటారుగా ఉంచి మడమని ఎంత ఎత్తగలిగితే అంత ఎత్తి, దించండి. ఒక లెక్కకి పైకి, ఒక లెక్కకి కిందికి. మడమ మొదట లేచినంత ఎత్తు లేవకపోయినా, మోకాలు వంగినా, గోడమీద బరువు వేసినా అక్కడితో లెక్క ఆపేయండి. ఫిజియోథెరపీలో చాలాకాలంగా 25ని మామూలు బలానికి గుర్తుగా చూస్తున్నారు. నా దగ్గరికి కొత్తగా వచ్చే షటిల్ ఆటగాళ్ళలో పన్నెండు, పదిహేను దగ్గర ఆగిపోయేవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళు కోర్టులో చురుగ్గా ఆడేవాళ్ళే. కుడికాలికి, ఎడమకాలికి వచ్చిన లెక్కలు రెండూ ఇవాళ్టి తేదీతో రాసిపెట్టుకోండి.

మడమ దింపడం

పిక్కని మడమకి కట్టే లావుపాటి తాడు అకిలిస్ టెండన్. మనవాళ్ళు దీన్ని మడమ నరం అంటారు గానీ ఇది నరం కాదు. ఒంట్లో ఇంత బలమైన టెండన్ ఇంకోటి లేదు. పరుగులో దీనిమీద మన బరువుకి ఐదారు రెట్ల లాగుడు పడుతుంది. మడమ ఎముకకి రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన దీనికి రక్తం సరఫరా తక్కువ. తెగితే ఎక్కువగా అక్కడే తెగుతుంది. తెగేవాళ్ళలో ముప్ఫై నుంచి యాభై మధ్య వయసు మగవాళ్ళు, అందులోనూ సెలవురోజుల్లో మాత్రం ఆడేవాళ్ళు ఎక్కువ. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది, టెండన్‌కి నెలలు పడుతుంది. ఓపిక పట్టాల్సింది ఇక్కడే.

చేసే పద్ధతి ఇది. అపార్ట్‌మెంట్ మెట్లలో కింది మెట్టు అంచున పాదాల ముందుభాగాలు మాత్రమే ఉంచి, మడమలు గాల్లో ఉండేలా, మెట్ల వైపు తిరిగి నిలబడండి. రెయిలింగ్ పట్టుకోండి. రెండు కాళ్ళతో మడమలు పైకెత్తండి. పైన ఉండగానే ఎడమకాలు తీసేయండి. ఇప్పుడు బరువంతా కుడికాలి మీదే. మనసులో నాలుగు అంకెలు లెక్కపెడుతూ కుడిమడమని మెట్టు కన్నా కిందికి దింపండి. కిందికి చేరాక ఎడమకాలు మళ్ళీ మెట్టు మీద పెట్టి రెండు కాళ్ళతో పైకి లేవండి. ఒక్క కాలితో పైకి లేవొద్దు. పైకి రెండు కాళ్ళు, కిందికి ఒక్క కాలు. ఈ కసరత్తు గుట్టంతా అందులోనే ఉంది.

ఎనిమిది సార్లు చేసి కాలు మార్చండి. అలా రెండు విడతలు మోకాలు నిటారుగా, రెండు విడతలు మోకాలు కొంచెం వంచి చెయ్యాలి. మోకాలు వంచినప్పుడు పిక్క అడుగున ఉండే రెండో కండరం మీద పని పడుతుంది. నెట్ దగ్గర వంగిన మోకాలితో ఆగేటప్పుడు బరువు ఎక్కువగా పట్టేది అదే, కాబట్టి దీన్ని వదిలిపెట్టొద్దు. రోజు విడిచి రోజు చెయ్యండి. మూడో వారానికి పన్నెండుకి, ఐదో వారానికి పదిహేనుకి పెంచండి. పదిహేను సులువైతే వీపుకి బ్యాగు తగిలించుకుని అందులో రెండు లీటర్ల నీళ్ళ సీసా పెట్టండి. అక్కణ్ణించి వారానికి ఒక లీటరు చొప్పున పెంచుకుంటూ పోవచ్చు.

ఈ పద్ధతి నా సొంతం కాదు. స్వీడన్‌లో హకాన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం అకిలిస్ నొప్పితో చాలాకాలంగా బాధపడుతున్న ఆటగాళ్ళ చేత ఇలాగే మడమలు దింపించి, ఫలితాలని 1998లో ప్రచురించింది. వాళ్ళు చేసింది మనకన్నా చాలా ఎక్కువ: పదిహేనేసి చొప్పున మూడు విడతలు, మోకాలు నిటారుగా ఒకసారి, వంచి ఒకసారి, రోజూ రెండు పూటలా, 12 వారాలు. అది నొప్పి ఉన్నవాళ్ళకి వైద్యంగా ఇచ్చిన మోతాదు. నొప్పి లేకుండా ఆడుతున్న మనకి రోజు విడిచి రోజు చాలు, కానీ 12 వారాలు మాత్రం తగ్గించొద్దు.

నొప్పి మడమ ఎముకకి టెండన్ అతుక్కున్న చోటే ఉంటే మెట్టు వద్దు. నేలమీదే చెయ్యండి. మడమ నేల మట్టం కన్నా కిందికి దిగితే ఆ చోట నొక్కుడు ఎక్కువవుతుంది.

ఇంకో మాట, ఇది తెలియక చాలామంది ఇబ్బంది పడతారు. జ్వరమో విరేచనాలో మూత్రంలో మంటో వస్తే మెడికల్ షాపులో అడిగి సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్, ఆఫ్లోక్సాసిన్ లాంటి మాత్రలు వేసుకోవడం మనకి అలవాటు. ఈ జాతి యాంటీబయాటిక్స్ వల్ల టెండన్ వాచే, తెగే ప్రమాదం పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో పెట్టె కట్టి మరీ హెచ్చరిక వేయించింది. అరవై దాటినవాళ్ళకి, స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళకి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. మందు ఆపెయ్యమని నేను చెప్పను. మీకు మందు రాసే డాక్టరుతో “నేను షటిల్ ఆడుతాను” అని ముందే చెప్పండి. ఆ కోర్సు వాడే రోజుల్లో, తర్వాత కొన్ని వారాలు గెంతులు, ఈ మెట్టు కసరత్తు పక్కన పెట్టండి. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళకి టెండన్ సాగే గుణం తగ్గి గట్టిపడుతుంది. వాళ్ళు పైన చెప్పిన లెక్కలని సగం వేగంతో పెంచుకోవాలి.

ఐదు అంకెల బస్కీ

పాతబస్తీ తాలీంఖానాల్లో, అంటే కుస్తీ నేర్పే చోట్ల, పహిల్వాన్లు బస్కీలు వందల్లో తీస్తారు, దడదడా తీస్తారు. ఆ పద్ధతి కుస్తీకి. మనం తీసేవి తక్కువ, నెమ్మది.

డైనింగ్ టేబుల్ కుర్చీని గోడకి ఆన్చి, దాని ముందు నిలబడండి. రెండో పాఠంలో నేర్చుకున్నట్టే తుంటిని వెనక్కి పంపుతూ, ఐదు అంకెలు లెక్కపెడుతూ దిగండి. పిరుదులు కుర్చీని తాకగానే లేవండి, పూర్తిగా కూలబడొద్దు. లేవడం మామూలు వేగంతోనే. అందరికీ తప్పు జరిగేది చివరి మూడు అంగుళాల్లో. అప్పటిదాకా పట్టిన తొడ అక్కడ వదిలేస్తుంది, ధబ్‌మని పడతాం. నాకు కావాల్సింది ఆ మూడు అంగుళాలే. కుర్చీ చప్పుడు చెయ్యకూడదు. ఎనిమిదేసి చొప్పున మూడు విడతలు. ఊపిరి బిగబట్టొద్దు, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్ళు. అంకెలు పైకే లెక్కపెడితే ఊపిరి దానంతట అదే నడుస్తుంది. రెండు వారాలయ్యాక ఒక పాదం అరడుగు ముందుకి జరిపి, బరువు ఎక్కువగా వెనకకాలి మీద ఉంచి దిగండి.

దిగి నిలబడటం

ఇక్కడినుంచి వేగం మొదలవుతుంది. మొదటి రెండు కసరత్తులు రెండు వారాలు చెయ్యకుండా ఇందులోకి రావద్దు.

మెట్లలో అన్నిటికన్నా కింది మెట్టు మీద నిలబడి, గెంతకుండా, ఒక కాలు ముందుకి చాచి కిందికి జారండి. రెండు పాదాలూ ఒకేసారి నేలకి తాకాలి. తాకగానే తుంటి, మోకాలు, చీలమండ మూడూ మడత పడాలి. అక్కడే బొమ్మలా మూడు అంకెలు నిలబడండి. ఐదేసి సార్లు, మూడు విడతలు.

బాగా చేశామో లేదో చెవి చెబుతుంది. పాదాల చప్పుడు పెద్దగా ఉంటే బరువుని కండరాలు కాకుండా ఎముకలు, కీళ్ళు మోస్తున్నాయని అర్థం. కన్ను చెప్పేది ఇంకోటుంది. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయించుకోండి. నేలకి తాకిన క్షణంలో మోకాళ్ళు ఒకదానివైపు ఒకటి ఒరుగుతున్నాయా? ఒరిగితే మోకాటి చిప్ప పాదం రెండో వేలి దిక్కుకే చూసేలా సరిచేసుకుని మళ్ళీ చెయ్యండి. రాకపోతే సగం ఎత్తున్న పీట మీంచి దిగండి. ఎత్తు పెంచాలన్న కోరిక చాలామందికి రెండో రోజే పుడుతుంది. ఈ నెలంతా ఆ ఒక్క మెట్టే.

మన ఊళ్ళో పిల్లల షటిల్ ప్రాక్టీస్ ఎక్కడ చూసే వీలున్నా, ఎల్బీ స్టేడియంలోనైనా గచ్చిబౌలిలోనైనా, ఒక గంట కూర్చుని షటిల్‌ని కాకుండా కాళ్ళని మాత్రమే చూడండి. ముందుకి వేసిన అడుగు మడమ మీద దిగి, పాదం మొత్తం పరుచుకుని, మోకాలు వేలి దిక్కుకే వంగి, వీపు కూలకుండా నిలుస్తుంది. పుల్లెల గోపీచంద్ మోకాలి ఆపరేషన్లు అయ్యాక 2001లో ఆల్ ఇంగ్లండ్ షటిల్ టోర్నమెంట్ గెలిచారు. దెబ్బతిన్న మోకాలికి కూడా ఆగడం మళ్ళీ నేర్పవచ్చు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు మాత్రం ఈ భాగాన్ని ఫిజియో కళ్ళ ముందే మొదలుపెట్టండి.

బస్సు అడుగులు

మా కాలేజీ రోజుల్లో ఆర్టీసీ బస్సు స్టాపు దాకా ఆగేది కాదు. కదులుతుండగానే దిగేవాళ్ళం. తెలిసినవాడు ఎలా దిగేవాడో గుర్తు తెచ్చుకోండి. బస్సు పోయే దిక్కుకే ముఖం పెట్టి, ఒళ్ళు కొంచెం వెనక్కి వాల్చి, నేలమీద టకటకా నాలుగైదు చిన్న అడుగులు వేసి ఆగేవాడు. తెలియనివాడు ఒక్క కాలు బిగించి ఆపబోయి బోర్లా పడేవాడు. ఆ దిగుడు ఇప్పుడు ఎవరూ చెయ్యొద్దు. అందులోని కిటుకు మాత్రం కోర్టులోకి తెచ్చుకుందాం.

వెనక గీత నుంచి నెట్ వైపు సగం వేగంతో పరుగెత్తండి. సర్వీస్ గీత దగ్గరికి రాగానే మూడు చిన్న అడుగుల్లో ఆగండి. ఒక్కో అడుగుకీ తుంటి కొంచెం కిందికి దిగాలి. మూడో అడుగు అయ్యాక ఎవరైనా భుజం మీద తట్టినా కదలకుండా ఉండాలి. ఆరుసార్లు చాలు. నా పిక్క చీలింది ఒక్క అడుగులో ఆగబోయినప్పుడు. ఆ బరువే మూడు అడుగులకి పంచి ఉంటే ఒక్క కాలిమీద అంత పడేది కాదు. రెండు వారాల తర్వాత వేగం కొంచెం పెంచండి. వేగం పెంచిన రోజు సార్లు తగ్గించండి.

కాలనీల్లో సిమెంటు కోర్టులు ఎక్కువ. వాటి మీద ఈ భాగం వారానికి ఒక్కసారే. చెక్కమీద మ్యాట్ ఉన్న చోట రెండుసార్లు చెయ్యొచ్చు. బూట్లు షటిల్‌వే వేసుకోండి. పరుగు బూట్లకి మడమ ఎత్తుగా ఉంటుంది, పక్కకి ఆగేటప్పుడు చీలమండ మడత పడుతుంది.

ఎప్పుడు, ఎంత

కసరత్తు ఆట తర్వాతైనా చెయ్యండి, ఆట లేని రోజైనా చెయ్యండి, ఆటకి ముందు మాత్రం వద్దు. అలసిన పిక్కతో కోర్టులోకి దిగడమే మనం తప్పించుకోవాలనుకుంటున్న ప్రమాదం. ఆదివారం టోర్నమెంట్ ఉంటే ఆఖరి కసరత్తు గురువారం. నొప్పి ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుందని గోల్కొండ దగ్గర చెప్పుకున్నాం కదా.

నొప్పిని పదికి ఎంతో మీరే కొలుచుకోండి. చేసేటప్పుడు మూడు దాకా ఉన్నా పరవాలేదు. మర్నాడు పొద్దున మంచం దిగి వేసే మొదటి పది అడుగులు అసలు పరీక్ష. మడమ వెనక బిగుసుకున్నట్టు అంతకుముందు కన్నా ఎక్కువ అనిపిస్తే ఆ వారం లెక్కలు సగానికి తగ్గించండి.

కోర్టులో ఎవరికైనా వెనకనుంచి తన్నినట్టు అనిపించి, మునివేళ్ళ మీద లేవడం రాకపోతే, ఆయన్ని బోర్లా పడుకోబెట్టి పాదాలు బల్ల అంచు బయట వేలాడేలా ఉంచి పిక్కని మెల్లగా పిసకండి. బాగున్న కాలికి పాదం కొంచెం కదులుతుంది. కదలకపోతే టెండన్ తెగి ఉండొచ్చు. నరం పట్టేసిందని నూనె రాసి మర్దన చేసేవాళ్ళని నేను చాలాసార్లు ఆపాను. మర్దన వద్దు, వేడి కాపడం వద్దు. పాదం కదిలినా సరే, అదే రోజు ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆలస్యమైనకొద్దీ వైద్యం కష్టమవుతుంది.

వచ్చే పాఠం తిరగడం గురించి. ఆగిన ఒంటిని పక్కకి, వెనక్కి మళ్ళించడం అందులో నేర్చుకుందాం. దానికి ముందు నాలుగు వారాలు ఇవే చేసి, గోడ దగ్గరి మడమ పరీక్ష మళ్ళీ పెట్టుకుని, ఇవాళ రాసిన అంకెల పక్కనే కొత్తవి రాయండి. రెండు కాళ్ళకీ ఇరవై దాటనివాళ్ళు ఐదో పాఠం చదవండి, చెయ్యడం మాత్రం ఇంకో నాలుగు వారాల తర్వాత.